కాంబో డెక్‌లో మిగతా 52 కార్డుల సంగతి

ఎవరి కార్డుల కట్టను వారే పేర్చుకొని ఆడే ట్రేడింగ్ కార్డు ఆటల గురించి గోదావరి జిల్లాల నుంచి ఈసారి వచ్చిన ప్రశ్నలలో ఎక్కువ భాగం కాంబో డెక్‌ల మీదనే ఉన్నందున వాటిని ఒక్కచోట చేర్చి జవాబులు ఇస్తున్నాము. విడివిడిగా చూస్తే సాధారణంగా కనిపించే రెండు మూడు కార్డులు కలిసినప్పుడు ఆటను అక్కడికక్కడే ముగించగలిగితే ఆ కలయికను కాంబో అంటారు. ఆ కలయిక కోసమే పేర్చుకున్న డెక్ (కార్డుల కట్ట) కాంబో డెక్. 1993లో మ్యాజిక్: ద గ్యాదరింగ్ మొదటిసారి వెలువడినప్పుడే అటువంటి జత ఒకటి అందులో ఉంది. ఛానెల్ అనే కార్డు మన ప్రాణ పాయింట్లను ఒక్కొక్కటిగా చెల్లించి మానాగా, అంటే కార్డులు వేయడానికి ఖర్చుపెట్టే శక్తిగా, మార్చుకోనిస్తుంది. ఫైర్‌బాల్ అనే కార్డు తనలో ఎంత మానా పోస్తే అంత దెబ్బ కొడుతుంది. ఇరువురూ 20 పాయింట్లతో మొదలుపెట్టే ఆటలో, మానా ఇచ్చే ల్యాండ్ కార్డులు నాలుగు ఆటలోకి దింపిన ఆటగాడు తన 19 పాయింట్లు చెల్లించి ఎదుటివారి 20 పాయింట్లనూ ఒకే దెబ్బకు తీసివేయగలడు. అప్పటి నుంచి నేటి వరకు కార్డులు మారాయి గాని, కాంబో డెక్ కట్టేవారికి ఎదురయ్యే చిక్కులు పెద్దగా మారలేదు.

ప్రశ్న: నా మ్యాజిక్ డెక్‌లో డిసీవర్ ఎగ్జార్క్ నాలుగు, స్ప్లింటర్ ట్విన్ నాలుగు ఉన్నాయి. రెండూ కలిస్తే ఆట నాదే గాని, నాలుగో వంతు వచ్చేసరికి రెండూ చేతిలో ఉండడం అరుదు. దీనికి తోడుగా ఇంకొక వేరే కాంబో కూడా పెట్టుకుంటే ఏదో ఒకటి తగులుతుందని అనుకుంటున్నాను. ఇది సరైన పద్ధతేనా?
— ఇంజనీరింగ్ విద్యార్థి, అమలాపురం

జవాబు: మీ ఆలోచన సహజమైనదే గాని లెక్క దానికి అనుకూలంగా లేదు. ఈ కార్డులు తెలియని పాఠకుల కోసం ముందు రెండు మాటలు. ఎగ్జార్క్ అనే జీవి ఆటలోకి దిగగానే మన కార్డు ఒకదానిని అన్‌ట్యాప్ (పక్కకు తిప్పినదానిని మళ్ళీ వాడడానికి నిలబెట్టడం) చేయవచ్చు, లేదా ఎదుటివారి కార్డు ఒకదానిని ట్యాప్ (వాడేసినట్లు పక్కకు తిప్పడం) చేయవచ్చు. దానికి స్ప్లింటర్ ట్విన్ తగిలించినప్పుడు ఎగ్జార్క్‌ను ట్యాప్ చేసి దాని నకలును టోకెన్‌గా (కార్డుకు బదులు గుర్తుగా పెట్టే జీవిగా) పుట్టించవచ్చు. పుట్టిన ఆ నకలు దిగగానే అసలు ఎగ్జార్క్‌ను అన్‌ట్యాప్ చేస్తుంది. అది మళ్ళీ ఇంకొక నకలును పుట్టిస్తుంది. నకళ్ళన్నిటికీ వెంటనే దాడి చేసే శక్తి ఉండడం వల్ల కావలసినంత సైన్యాన్ని పుట్టించుకొని అదే వంతులో ఆట ముగించవచ్చు. ఎగ్జార్క్‌కు మూడు మానా, ట్విన్‌కు నాలుగు మానా అవసరం కాబట్టి నాలుగో వంతు లక్ష్యం కావడం సబబే.

ఇక లెక్క. ముందుగా ఆడే వ్యక్తి మొదటి వంతులో కార్డు తీసుకోడు కాబట్టి, నాలుగో వంతుకు మొదటి 7, తరువాతి 3 కలిపి 10 కార్డులు చూస్తాడు. 60 కార్డులలో నాలుగు ప్రతులు ఉన్న కార్డు ఆ పదింటిలో కనీసం ఒక్కటైనా పడే అవకాశం దాదాపు 53 శాతం. నాలుగేసి ప్రతులున్న రెండు వేర్వేరు కార్డులు రెండూ పడే అవకాశం 26.5 శాతం మాత్రమే. కాంబోకు మూడు కార్డులు కావలసి వస్తే అది 12.6 శాతానికి దిగిపోతుంది. మీకు కాంబో అరుదుగా తగలడంలో దురదృష్టం ఏమీ లేదన్నమాట. నాలుగు ఆటలకు ఒకటి చొప్పున తగులుతోందంటే మీ డెక్ తాను చేయగలిగినది చేస్తున్నట్లే.

ఇప్పుడు మీరు చెప్పినట్లు నాలుగేసి ప్రతులతో వేరొక జతను కూడా చేర్చారని అనుకుందాము. మొత్తం 16 కార్డులు కాంబోకే పోతాయి, రెండు జతలలో ఏదో ఒకటి పూర్తయ్యే అవకాశం 47 శాతానికి చేరుతుంది. అవే 16 స్థానాలను మరొక విధంగా వాడవచ్చు. ఎగ్జార్క్ చేసే పనినే పెస్టర్‌మైట్ కూడా చేస్తుంది. ట్విన్ చేసే పనినే కికి-జికి కూడా చేస్తుంది. ఒక వైపు ఎనిమిది, మరొక వైపు ఎనిమిది ఉండి, ఈ వైపుది ఏదైనా ఆ వైపు దేనితోనైనా కలిసే విధంగా ఉంటే అవకాశం 61 శాతం అవుతుంది. రెండు వేర్వేరు కాంబోలు ఉన్న డెక్‌లో మొదటి జత తల, రెండవ జత తోక చేతికి వచ్చి ఒకదానికొకటి పొసగక కూర్చుంటాయి. రమ్మీ ఆడేవారికి ఇది వివరించనవసరం లేదు. చేతిలో ఆటీను ఏడు, ఎనిమిది ఉన్నవాడు ఆరు వచ్చినా తొమ్మిది వచ్చినా సంతోషిస్తాడు, ఏడు, తొమ్మిది పట్టుకున్నవాడు మాత్రం ఎనిమిది కోసమే ఎదురుచూస్తాడు.

అయితే ఆ 61 శాతాన్ని చూసి 16 కార్డులూ వెంటనే కొనవద్దు. కికి-జికికి ఐదు మానా కావాలి కాబట్టి అది నాలుగో వంతుకు పనికిరాదు. పెస్టర్‌మైట్ ఎగరగలదు గాని దాని ఓర్పు (ఎన్ని దెబ్బలకు చస్తుందో ఆ సంఖ్య) ఒక్కటే. ఎగ్జార్క్‌కు నాలుగు ఉంది. ఒకే మానాతో మూడు దెబ్బలు కొట్టే లైట్నింగ్ బోల్ట్ ఎదుటివారి చేతిలో ఉంటే ఎగ్జార్క్ బ్రతుకుతుంది, పెస్టర్‌మైట్ చస్తుంది. ఈ ఒక్క తేడాను బట్టే ఎగ్జార్క్ నాలుగు, పెస్టర్‌మైట్ రెండు, ట్విన్ నాలుగు, కావాలనుకుంటే కికి-జికి ఒకటి అన్న కూర్పు నాకు సమంజసంగా తోస్తుంది. రెండు పెస్టర్‌మైట్‌లు చేర్చినంత మాత్రాననే నాలుగో వంతు అవకాశం 26.5 నుంచి దాదాపు 35 శాతానికి పెరుగుతుంది. మిగిలిన లోటును సీరమ్ విజన్స్ వంటి కార్డులు కొంతవరకు తీరుస్తాయి. ఒక్క మానాతో ఒక కార్డు తీసుకొని, ఆపై డెక్ మీద ఉన్న రెండు కార్డులను చూసి, అక్కరలేనివాటిని అడుగుకు పంపే వీలు దానిలో ఉంది.

మీరు రాసిన జాబితాలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది కాంబోకు చెందిన ఎనిమిది కార్డులు కాదు, మిగతా 52. ల్యాండ్లు 20 మాత్రమే ఉన్నాయి. నాలుగో వంతుకు నాలుగు మానా తప్పనిసరి అయిన డెక్‌కు 23 వరకు ఉండాలి. తక్కిన స్థానాలలో మీరు పెద్ద పెద్ద జీవులను నింపారు. కాంబో తగిలిన ఆటలో వాటి అవసరం రాదు, తగలని ఆటలో వాటిని దింపేంత మానా ఉండదు. వాటిని తీసివేసి, కార్డులు వెతికిపెట్టేవి కొన్ని, ఎదుటివారిని ఒక వంతు ఆలస్యం చేసేవి కొన్ని, చిన్న జీవులను చంపేవి కొన్ని పెట్టుకోండి. కాంబో భాగాన్ని ఎంచుకునేటప్పుడు కూడా ఒక ప్రశ్న వేసుకోవాలి: తన జత రాకపోయినా ఈ కార్డు చేతిలో ఉండడం వల్ల నాకు ఏమి ఉపయోగం? ఎగ్జార్క్ ఒంటరిగా కూడా ఎదుటివారి ల్యాండును ట్యాప్ చేయగలదు, దాడిని అడ్డుకోగలదు. ట్విన్ ఒంటరిగా దాదాపు చిత్తుకాగితమే. ఒంటరిగా ఉపయోగపడని భాగాలు రెండు వైపులా ఉన్న కాంబోను, అది ఎంత అద్భుతంగా కనిపించినా, నేను సిఫారసు చేయను.

ప్రశ్న: నాదీ ఇదే కాంబో. సంక్రాంతి సెలవులకు హైదరాబాదు నుంచి వచ్చే మా బావ, నేను ఎగ్జార్క్ మీద ట్విన్ వేసిన ప్రతిసారీ ఎగ్జార్క్‌ను చంపేస్తున్నాడు. రెండు కార్డులూ పోతున్నాయి. ఏం చేయాలి?
— పాఠకుడు, భీమవరం

జవాబు: మీ బావగారికి ఆట బాగా తెలుసు. ట్విన్ ఇంకా తగులుకోక ముందే ఎగ్జార్క్ చనిపోతే తగులుకోవడానికి చోటు లేక ట్విన్ కూడా పోతుంది. ఆయన ఒక కార్డు ఖర్చుపెట్టి మీవి రెండు తీసివేస్తున్నాడు. కాంబో డెక్‌లు ఓడిపోయే దారులలో ఇదే అతి సాధారణమైనది.

దీనికి మొదటి మందు ఓపిక. ఎగ్జార్క్‌ను ఎదుటివారి వంతులోనూ దింపవచ్చు కాబట్టి, దానిని మీ వంతులో కాక ఆయన వంతు ముగిసే ఘడియలో దింపి, ఆయన ల్యాండ్లలో ఒకదానిని ట్యాప్ చేయండి. ఆయన అప్పుడే దానిని చంపితే మీ ట్విన్ భద్రంగా చేతిలో ఉంటుంది, ఆయన మానా కూడా ఖర్చవుతుంది. ఆయన ఏమీ చేయకుండా, ల్యాండ్లు తెరిచి పెట్టుకొని చిరునవ్వుతో కూర్చుంటే మాత్రం నాలుగో వంతులోనే ట్విన్ వేయాలనే ఆత్రాన్ని ఆపుకోవాలి. ఆరో వంతు వరకు ఆగితే ట్విన్ వేసిన తరువాత కూడా రెండు మానా మిగులుతుంది. ఆయన చంపే కార్డును రిమాండ్‌తో వెనక్కి పంపవచ్చు. రిమాండ్ ఆ కార్డును ఆయన చేతికే తిరిగి ఇస్తుంది గాని, మళ్ళీ వేయడానికి ఆయన వద్ద మానా మిగలకపోతే మీకు కావలసినది జరిగినట్లే.

మీరు ట్విన్ వేస్తారేమోనని ఆయన ప్రతి వంతులోనూ రెండు మూడు ల్యాండ్లను వాడకుండా అట్టిపెట్టుకుంటున్నాడు గదా, ఆ నష్టం ఆయనదే. ఆ భయం మీద ఆధారపడి ఎగ్జార్క్‌లు, బోల్ట్‌లతోనే చిన్నచిన్న దెబ్బలు కొడుతూ కొన్ని ఆటలు గెలవవచ్చు. స్ప్లింటర్ ట్విన్‌ను 2016 జనవరిలో మోడర్న్ అనే పోటీ విభాగం నుంచి నిషేధించే నాటికి ఆ డెక్ బలం కాంబోలో ఎంత ఉండేదో ఈ భయంలోనూ అంత ఉండేదని నా అభిప్రాయం. ఆ నిషేధాన్ని 2024 డిసెంబరులో ఎత్తివేశారు. మూడు ఆటల పోటీ అయితే రెండవ ఆటకు ముందు సైడ్‌బోర్డ్‌లోని (డెక్ పక్కన విడిగా ఉంచుకునే) 15 కార్డులతో డెక్‌ను మార్చుకోవచ్చు గదా. మీ బావగారు చంపే కార్డులు ఇంకా చేర్చుకుంటాడని తెలిసినప్పుడు మీరు రెండు ట్విన్‌లు తీసి, వాటి స్థానంలో ఒంటరిగా నిలబడగల కార్డులు పెట్టుకోండి.

ప్రశ్న: లూప్ మొదలుపెట్టి, "అనంతమైన టోకెన్లు" అంటే మా స్నేహితుడు ఒప్పుకోవడం లేదు. అతని వాదన నిజమేనా?
— యానాం

జవాబు: నిజమే. మ్యాజిక్ నియమాల ప్రకారం లూప్‌ను, అంటే మళ్ళీ మళ్ళీ తిరిగే ఒకే వరుస చర్యలను, ఎన్నిసార్లు తిప్పుతారో ఒక సంఖ్య చెప్పి తీరాలి. పది లక్షలు అనండి, కోటి అనండి, అనంతం అనవద్దు. ఇది పట్టుదల కోసం పెట్టిన నియమం కాదు. మీరు కోటి దెబ్బలు అన్న తరువాత మీ స్నేహితుడు తన సొంత లూప్‌తో రెండు కోట్ల ప్రాణ పాయింట్లు పెంచుకొని ఉంటే ఆట సాగుతూనే ఉంటుంది. ఎవరూ ఆపలేని, ఆపే ఎంపిక ఎవరికీ లేని లూప్ ఏర్పడితే మాత్రం ఆట సమంగా ముగుస్తుంది. వేరే లక్ష్యం లేని స్థితిలో మూడు ఆబ్లివియన్ రింగ్‌లు ఒకదానినొకటి తీసివేసుకుంటూ పోవడం దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ.

ప్రశ్న: ఫోనులో యు-గి-ఓ మాస్టర్ డ్యుయెల్ ఆడుతున్నాను. మూడు కార్డులు కలిస్తే ఎదుటివారు కదలలేని బోర్డు (ఆటలోకి దింపిన కార్డుల అమరిక) తయారవుతుంది. డెక్‌లో 60 కార్డులు పెట్టుకోవచ్చు గదా అని మంచి కార్డులన్నీ పెట్టేశాను. అయినా మొదటి చేతిలో ఏమీ ఉండడం లేదు.
— డిగ్రీ విద్యార్థి, తణుకు

జవాబు: అయినా కాదు, అందువల్లనే. ఆ ఆటలో ప్రధాన డెక్ 40 నుంచి 60 వరకు ఉండవచ్చు, ఒక కార్డుకు మూడు ప్రతులు మించకూడదు, మొదటి చేతికి అయిదు కార్డులు వస్తాయి. ముందుగా ఆడేవారికి మొదటి వంతులో అదనపు కార్డు కూడా లేదు. మానా వంటి అడ్డు లేనందున మొదటి వంతులోనే కాంబో మొత్తం ఆడివేయవచ్చు గాని, ఆ అయిదు కార్డులే మీ పెట్టుబడి. 40 కార్డుల డెక్‌లో మూడేసి ప్రతులున్న మూడు వేర్వేరు కార్డులు మూడూ ఆ అయిదింటిలో పడే అవకాశం 2.3 శాతం. 60 కార్డుల డెక్‌లో అది ఇంకా తగ్గుతుంది.

అందుకే ఆ ఆటలో అనుభవజ్ఞులు మూడు కార్డుల కలయిక కోసం కాక, ఒంటరిగా కాంబోను మొదలుపెట్టగల కార్డు కోసం వెతుకుతారు. దానిని స్టార్టర్ అంటారు. తాను దిగి, డెక్ నుంచి రెండవ కార్డును తెచ్చి, అది మూడవదాన్ని తెచ్చే విధంగా గొలుసు అల్లుకోవాలి. 40 కార్డుల డెక్‌లో స్టార్టర్‌గా పనిచేసేవి తొమ్మిది ఉంటే మొదటి చేతిలో కనీసం ఒకటి ఉండే అవకాశం 74 శాతం. పన్నెండు ఉంటే 85 శాతం. అవే తొమ్మిదింటిని 60 కార్డుల డెక్‌లో వేస్తే 57 శాతానికి పడిపోతుంది. మీ డెక్‌ను ఈ రోజే 40కి కుదించండి. ఏది తీసివేయాలో తోచకపోతే, చేతికి వస్తే విసుగు పుట్టించే కార్డులతో మొదలుపెట్టండి.

డెక్‌లోనే ఉండి కాంబో మధ్యలో బయటికి రావలసిన కార్డు కొన్ని డెక్‌లలో ఒకటి ఉంటుంది, చేతికి వస్తే దండగ. అటువంటిది ఒక్క ప్రతి ఉన్నా 40 కార్డుల డెక్‌లో ఎనిమిది ఆటలకు ఒకసారి మొదటి చేతిలోకే వస్తుంది. ఒకటి భరించవచ్చు, మూడు భరించలేరు.

ఎదుటివారి వంతులో చేతి నుంచే విసిరి కాంబోను ఆపే కార్డులను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆష్ బ్లాసమ్ అనే కార్డు డెక్ నుంచి కార్డు తెచ్చే ప్రభావాన్ని రద్దు చేస్తుంది. మీ గొలుసంతా డెక్ నుంచి తెచ్చుకోవడం మీదనే నడుస్తుంది కాబట్టి ఒక్క దెబ్బతో తెగిపోతుంది. తెగినచోట నుంచి మళ్ళీ అందుకొనే కార్డులు, అంటే ఎక్స్‌టెండర్లు, ఆరేడు లేకుండా కాంబో డెక్ పోటీలో నిలవదు. మీ బోర్డు ఎంత గొప్పగా ముగుస్తుందో అందరూ చెబుతారు గాని, మూడో అడుగులో ఆపితే ఏమి మిగులుతుందో చూసుకొని డెక్ కట్టేవారు తక్కువ.

ప్రశ్న: మా అబ్బాయి పదకొండేళ్ళవాడు, పోకేమాన్ కార్డులు ఆడతాడు. ఛారిజార్డ్ ఒక్కటే ఉంది, అది రాకపోతే ఏడుస్తాడు. ఒక్క కార్డుతో డెక్ కట్టడం తప్పా?
— ఒక తల్లి, పాలకొల్లు

జవాబు: తప్పని అనలేము గాని, అమ్మా, ఆ ఆట నియమమే ఒక్క ప్రతి మీద ఆధారపడేవారిని ఇబ్బంది పెడుతుంది. ఆట మొదట్లో ప్రతి ఆటగాడూ 60 కార్డులలో ఆరింటిని చూడకుండా బహుమతి కార్డులుగా పక్కన పెట్టాలి. ఒక్క ప్రతే ఉన్న కార్డు ఆ ఆరింటిలో చిక్కుకొనే అవకాశం సరిగ్గా 10 శాతం. రెండు ప్రతులు ఉంటే రెండూ చిక్కుకొనే అవకాశం ఒక శాతం కన్నా తక్కువ. ఇంకొక ఛారిజార్డ్ కొనిపెట్టగలిగితే సమస్యలో ఎక్కువ భాగం తీరుతుంది. దానికి మొదటి దశ అయిన ఛార్మాండర్ నాలుగు, మధ్య దశను దాటించి నేరుగా ఛారిజార్డ్‌ను చేసే రేర్ క్యాండీ మూడు నాలుగు ఉండాలి. ఛార్మాండర్ దిగిన వంతులోనే రేర్ క్యాండీ వాడకూడదన్న నియమాన్ని పిల్లలు తరచు మరిచిపోతారు. మెరిసే కార్డు కోసం పాకెట్ల మీద పాకెట్లు విప్పడం కన్నా కావలసిన కార్డును విడిగా కొనడం మేలు.

ప్రశ్న: కాంబో డెక్ మొత్తం కొనడానికి డబ్బు సరిపోదు. కొన్న తరువాత ఆడలేకపోతే ఎలా?
— రావులపాలెం

జవాబు: కొనడానికి ముందే ఆడి చూడండి. కాగితం ముక్కల మీద కార్డుల పేర్లు రాసి, పాత కార్డుల ముందు పెట్టి, కవర్లలో తొడగండి. పోటీలలో ఇవి చెల్లవు గాని ఇంట్లో సాధనకు ఏ అభ్యంతరమూ లేదు. ఎదురుగా ఎవరూ లేకుండానే డెక్‌ను కలిపి ఏడు కార్డులు తీసుకొని, ఎన్నో వంతుకు కాంబో పూర్తవుతుందో రాసుకుంటూ కనీసం ముప్పై చేతులు ఆడండి. సగటు కన్నా, కాంబో అసలు తగలని చేతులలో ఏమి చేతిలో మిగిలిందో గమనించడం ముఖ్యం. అదే కార్డు పదే పదే మిగిలితే దానిని తీసివేయాలి. ఏ చేతిని ఉంచుకోవాలో, ఏ చేతిని మార్చాలో కూడా ఈ సాధనలోనే తెలుస్తుంది. 2019 నుంచి మ్యాజిక్‌లో చేతిని మార్చుకున్నప్పుడు మళ్ళీ ఏడు కార్డులూ చూసి, ఎన్నిసార్లు మార్చితే అన్ని కార్డులను డెక్ అడుగున పెట్టే పద్ధతి ఉంది. కావలసిన రెండు ముక్కల కోసం వెతికే డెక్‌లకు ఇది కలిసివచ్చింది కాబట్టి, కాంబో గాని దానిని వెతికే కార్డు గాని లేని చేతిని మార్చడానికి వెనుకాడవద్దు.

ప్రశ్న: నా కాంబో కార్డులు నాలుగూ ఫాయిల్‌వి. వానాకాలంలో అవి విల్లులాగా వంగిపోయాయి. స్థానిక పోటీలో ఎదుటివారు అభ్యంతరం చెప్పారు.
— రాజోలు

జవాబు: ఆ అభ్యంతరం న్యాయమైనదే. ఫాయిల్ కార్డులో ఒక వైపు లోహపు పొర, మరొక వైపు కాగితం ఉంటాయి. గాలిలోని తేమను కాగితం పీల్చుకొని సాగుతుంది, లోహపు పొర సాగదు. అందువల్ల కార్డు వంగుతుంది. చుట్టూ కాలువలు, చేపల చెరువులు, సముద్రపు గాలి ఉన్న మీ ప్రాంతంలో ఇది తప్పదు. మామూలు డెక్‌లో అక్కడక్కడా ఒక కార్డు వంగితే పెద్ద నష్టం లేదు గాని, వంగినవి సరిగ్గా కాంబో కార్డులే అయితే డెక్ మీద అవి ఎక్కడ ఉన్నాయో పక్కనుంచి చూసినా తెలిసిపోతుంది. మీ ఉద్దేశం ఏదైనా న్యాయనిర్ణేత వాటిని గుర్తు పెట్టిన కార్డులుగానే పరిగణిస్తాడు. డెక్ మొత్తానికి ఒకే రకం కొత్త కవర్లు తొడగడం, మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి ఉంచడం కొంత మేలు చేస్తాయి. పోటీకి వెళ్ళే డెక్‌లో మాత్రం ఫాయిల్‌ల బదులు మామూలు ముద్రణ కార్డులే వాడండి, సాధారణంగా అవి చౌక కూడా.